జొన్నపిండిలో కాగ్నా

మా జాగ్రఫీ టీచర్ పోయారు. వికారాబాద్ నుంచి వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను తాండూరులో రాళ్ళ పాలిష్ మిషన్ దగ్గర ఉన్నాను. అంత మోతలోనూ "అమ్మ పోయింది" అన్న మాట స్పష్టంగా వినబడింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. వానాకాలం మొదలవుతుంటే పోతారా ఎవరైనా?

నేను ఆమె దగ్గర బడిలో చదవలేదు. ఒకసారి మా దారిలో కల్వర్టు మునిగి పనివాళ్ళం చిక్కుకుపోయాం. జిల్లా మొత్తానికీ కలిపి ఒక్క వాన మెసేజ్ పంపితే మా గల్లీకి ఏం తెలుస్తుందని వరదల మీద ఆఫీసర్లు పెట్టిన ఒక మీటింగులో అరిచాను. వెనక వరసలోంచి, అప్పటికే రిటైరైన ఈ టీచర్ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"నీకు కోపం మస్తుగుంది బిడ్డా. జర లెక్క గూడ నేర్చుకో. నీళ్ళకు నీ నోరంటే భయం లేదు."

కంప్యూటర్ నా అంతట నేనే వీడియోలు చూసి నేర్చుకున్నాను. నేల వాలు నేర్పింది ఆమె. సెలవు రోజు వికారాబాద్ పోతే, పళ్ళెంలో తడి జొన్నపిండితో అనంతగిరి గుట్టలు చేసి, వేలితో కాగ్నా నదిని గీసి, చెంచాతో నీళ్ళు పోసేవారు. "ఎటు పోతయో ముందుగాల చెప్పు, తర్వాత చూడు." పాఠం అయ్యాక ఆ గుట్టల్నే పిసికి రొట్టెలు చేసేవారు. "ఇయ్యాల నీ తప్పు నువ్వే తిను" అని మాడిన రొట్టె నాకే వేసేవారు.

ఆ వాలును కంప్యూటర్‌లో పెట్టి వరద ఎటు పారుతుందో లెక్క కట్టడానికి నా పాత లాప్‌టాప్‌కు రోజంతా పడుతుంది. అంతలో వరదే వచ్చి పోతుంది. అందుకే క్లౌడ్ వాడతాం. అంటే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లను ఇంటర్నెట్‌లో కాసేపు వాడుకుని వదిలేయడం. టీచర్ దానికి కిరాయి సైకిల్ అని పేరు పెట్టారు. "పనున్నంత సేపు తొక్కు, అయినంక అప్పజెప్పు."

నిరుడు గుట్టల మీద పొద్దున్నుంచీ కుండపోత. టీచర్ మిద్దె మీది వాన కొలిచే డబ్బా చూసి ఫోన్‌లో చెప్పారు, నేను లెక్క నడిపాను. టీ చల్లారేలోపు మ్యాప్ వచ్చింది. అందులో మా వాడకట్టు, అంటే మా గల్లీ ఇళ్ళన్నీ, పొడిగా ఉన్నాయి. సంబరంగా టీచర్‌కు పంపాను.

"వాగొడ్డున ఆ గుట్ట ఎక్కడిదే?"

"గుట్ట కాదు టీచర్, నాపరాయి తుక్కు. ఫ్యాక్టరీలోళ్ళు అందరు గాడనే పోస్తరు."

"మరి నీ కంప్యూటర్ దాన్ని గుట్ట అనుకుంటున్నది! రాళ్ళ సందులకెల్లి నీళ్ళు రావా?"

శాటిలైట్ పైనుంచి తీసిన కొలతల్లో కుప్పకూ కొండకూ తేడా లేదు మరి. కుప్ప లేనట్టు, సగమే ఉన్నట్టు, వాన ఇంకా పెరిగినట్టు, అన్ని లెక్కలూ వేరువేరు కంప్యూటర్ల మీద ఒకేసారి నడిపాను. అన్నిట్లోనూ మా వాడకట్టు మునిగింది.

ఇల్లిల్లూ తిరిగి అందర్నీ బడికి కదిలించాను. ఎదురింటి అవ్వ మాత్రం మంచం దిగలేదు. "ఫోన్ మోగినప్పుడల్లా లేస్తే మంచమెందుకే పోరీ?"

ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. "అవ్వా, నేను వికారాబాద్ టీచరమ్మను. నీళ్ళు రాకుంటే రేపు నేనే వచ్చి నీతోని తిట్లు తింట. జర లే."

"తిట్లు తినేదానికి అంతదూరం వస్తవా?" అంటూ అవ్వ లేచింది, కోళ్ళగంపతో సహా.

సాయంత్రానికి కుప్ప సందుల్లోంచి నీళ్ళు ఉరికి, మా ఇళ్ళలో మంచాల ఎత్తున నిలిచాయి. మేమంతా బడి వరండాలో ఉన్నాం. ఫోన్ చేసి చెబితే టీచర్ నన్ను మెచ్చుకోలేదు. "కోళ్ళు మంచిగున్నయా?" అన్నారు.

ఆ కుప్ప ఇప్పటికీ అక్కడే ఉంది. తీయమంటే ఆఫీసర్లు చూస్తామంటారు. ఏం చూస్తారు? నా కోపం ఎక్కడికీ పోలేదు, దానికిప్పుడు లెక్క తోడైంది.

టీచర్‌ను మట్టి చేసే రోజు మా వాడకట్టంతా వికారాబాద్ వచ్చింది. పాస్టర్ ప్రార్థన ముగించగానే వాన మొదలైంది. ఎవరూ చెట్ల కిందికి ఉరకలేదు. అందరూ నేలకేసి చూస్తున్నారు.

"వాలు గీ దిక్కుంది."

"కండ్లున్నయా నీకు? గా దిక్కు!"

కొట్లాడుకుంటూనే ఎవరో పార అందుకున్నారు. సమాధి మీది కొత్త మట్టి చుట్టూ చిన్న కాలువ తీశారు. ఎర్రనీళ్ళు అక్కడిదాకా వచ్చి, కాస్త తచ్చాడి, పక్కకు తిరిగి వెళ్ళిపోయాయి.