పంపుహౌస్‌లో వెలిగిన ట్యూబులైటు

దెయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. పద్దెనిమిదేళ్లుగా వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తున్నాను. గాల్లో వినబడే ప్రతి గొంతు వెనకా ఒక మనిషీ, ఒక బ్యాటరీ ఉంటాయన్నదే నా మతం. ఈ సంగతి రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మాది విజయనగరం వైపు. ఒడిశాలో లక్ష్మీపూర్ దాటాక కొండ మీదున్న ఒక ఫ్యాక్టరీలో నేను టెక్నీషియన్ని. మా అక్క భర్త సత్యం బావ అక్కడే పంపు ఆపరేటరు. పోయిన వానాకాలం ఒకరోజు ఉదయం పదకొండింటికి, పంపుహౌస్‌లో సెట్టు పలకడం లేదంటే చూడ్డానికి వెళ్లాను. అది నేలలోకి దిగిన కాంక్రీటు గది. తలుపు వేస్తే బయటి వెలుతురు చుక్కయినా రాదు. ఫోన్లు గేటు దగ్గరే వదిలి రావాలి, అది రూలు.

మేం లోపలుండగా కొండచరియ జారి పడి ఇనుప తలుపు మూసుకుపోయింది. ఆ అదురుకి ఒక పైపు ఊడి బావ కాలి మీద పడింది. తలుపు సందుల్లోంచి బురదనీళ్లు దూకాయి. పంపులు వాటంతట అవే ఆగిపోయాయి.

నేను నిచ్చెన ఎక్కగలను. బావ కదల్లేడు. ఇద్దరం కలిసి లాగినా పైపు జరగలేదు. నీళ్లు ఆయన నడుముకొచ్చాయి. అక్కకి ఏం చెప్పాలా అన్నదే నా ఆలోచన.

"నువ్వు పైకెక్కీ. నాకేటవ్వదు" అన్నాడు బావ. అబద్ధమాడటం ఆయనకి ఎన్నడూ చేతకాలేదు.

సెట్టు తీసి చూస్తే యాంటెన్నా విరిగిపోయి ఉంది. జేబులో జానెడు రాగి తీగ ఉంది. పైన, బయటికి పోయే వంకర గాలిగొట్టం మూతి పక్కన, ట్యూబులైటు వెలుగుతోంది. వెలిగే ట్యూబులోని వాయువు లోహంలాగే రేడియో తరంగాల్ని పంపగలదు. ఆర్పేస్తే అది ఉత్త గాజుగొట్టమే. ట్రైనింగులో ఒకసారి చేసి చూపించారు. నిచ్చెనెక్కి, తీగ ఒక కొస సెట్టుకి గుచ్చి, రెండో కొస ట్యూబు చివర చుట్టి పిలిచాను.

గరగరల మధ్య కంట్రోల్ రూమ్ ఆపరేటరు గొంతు వచ్చింది. ఆయన జయపురం ఒడియా మనిషి. ఏవో పేర్లు ఒక్కొక్కటే అడుగుతున్నాడు. సరిగా వినబడక "ఏటి? ఏటి?" అని అరిచాను. సెట్టు మూగబోయింది. ఇక మా పని అయిపోయిందనుకున్నాను.

ముప్పావు గంటకి బయట మట్టి తవ్వుతున్న చప్పుడు వినబడింది. తలుపు తెరిచేసరికి నీళ్లు బావ గడ్డం కిందున్నాయి.

తర్వాత తెలిసింది. ఆపరేటరు "గేటా? గోడౌనా? పంపుహౌసా?" అని అడిగాడట. పంపుహౌస్ అన్నప్పుడు నా 'ఏటి' ఆయనకి ఒడియాలో 'ఏఠి', అంటే 'ఇక్కడే' అని వినబడింది. మా యాసని వెక్కిరించని ఆఫీసరు లేడు. మా బావని బతికించింది ఆ యాసే.

ఇంతవరకూ వింతేమీ లేదు. బావని చూడ్డానికి ఆస్పత్రికి వచ్చిన మా ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్‌కి ట్యూబు సంగతి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏ ట్యూబు బాబూ? బోర్డులో నీరు సేరిందని పంపౌసు లైట్ల లైను పదింటికే పీకేసేను. ఫ్యూజులు ఇవిగో" అని జేబులోంచి తీసి చూపించాడు.

ఆ గది లైట్లకి వేరే లైను లేదు, ఇన్వర్టర్ లేదు. జానెడు తీగే పనిచేసిందేమో అన్నాడు మా ఆఫీసరు. వారం తర్వాత నేనే వెళ్లి అదే తీగతో ప్రయత్నించాను. ట్యూబు వెలిగితే కంట్రోల్ రూమ్ పలికింది. ఆర్పితే నా పిలుపు గేటు దాకా కూడా పోలేదు. ఎన్నిసార్లు చేసినా అంతే.

ఆ వెలుగు ఎక్కడిదో ఈ రోజుకీ చెప్పలేను. బెదిరిపోయి ఏదో ఊహించుకున్నానేమో అనుకుని, ఒకసారి రాయగడలో వాళ్లింటికి వెళ్లినప్పుడు బావనే అడిగాను.

"లైటు ఎలగకపోతే నాకెలా కనబడ్డావు?" అన్నాడు. "నిచ్చెన మీద నిలబడి సిన్నపిల్లోడిలాగ ఏడుస్తన్నావు. సప్పుడు బయటికి రాకుండా నోట్లో గుడ్డ కుక్కుకున్నావు గదా."

నేను ఏడ్చానని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.