లోపలి చీర

బొంతల వ్యాపారం మొదలుపెట్టే ముందు నేను రాసుకున్న నియమాలు నోటుపుస్తకంలో రెండు పేజీలు వచ్చాయి. కొత్త గుడ్డ కొనకూడదు. ప్లాస్టిక్ కవరు వాడకూడదు. నెలకు ఆరు బొంతలకు మించి ఒప్పుకోకూడదు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు బళ్లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పినదాన్ని, ప్లాను లేకుండా పప్పు కూడా పొయ్యి మీద పెట్టను. అన్నీ రాసుకున్నదాన్ని, పనిచేసే గదిలో సొంత సామాను ఉంచకూడదని మాత్రం రాసుకోలేదు.

మా ముందు గదే పని గది. కుట్టేది మా సందు చివర ఉండే ముస్లింల ఇంటావిడ. అమ్మకు స్నేహితురాలు, నాకు చిన్నప్పటి నుంచీ పిన్నమ్మ. బొంతకు పైనా కిందా వచ్చే చీరలు రంగు చూసి నేను ఎంచుతాను. మధ్యలో వేసే చీర మాత్రం ఆమె ఇష్టం. అది కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరే అయి ఉండాలి. "పైది కళ్లకి, లోపలిది ఒంటికి" అంటుంది. అలాంటి చీరలు దొరకడమే కష్టం. పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్లు ఊళ్లన్నీ ఊడ్చుకుపోతారు. ఒకసారి అచ్చంపేటలో వాళ్లతో పోటీపడి, వాళ్లిచ్చే గిన్నె కంటే పెద్ద గిన్నె ఇచ్చి మరీ నాలుగు చీరలు తెచ్చుకున్నాను.

అమ్మ చీర నా దగ్గర ఒక్కటే మిగిలింది. పసుపు రంగుది, ఆకుపచ్చ అంచు. మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరడానికి కూర్చునేటప్పుడు అదే కట్టుకునేది. ఆవిడ పోయి రెండేళ్లయినా, కొంగులో మొహం పెడితే ముక్కుకు ఆ ఘాటు తగిలేది. నలభై ఐదేళ్లదాన్ని, తలుపు వేసుకుని ఆ పని చేసేదాన్నని చెబితే నవ్వుతారు. నవ్వనీ.

బీరువాలో ముక్కిపోతుందని ఆ రోజు దాన్ని గాలికి ఆరేసి, మడిచి ముందు గదిలో కుర్చీ మీద పెట్టాను. అంతలో హైదరాబాదు నుంచి ఫోను. బొంత ఆర్డరిచ్చినావిడ, ఈ వారమే కావాలని ఒకటే తొందర. "చేత్తో కుట్టేదమ్మా, అంత తొందరైతే మిషను బొంత కొనుక్కోండి" అని నేను ఎగిరిపడుతున్నాను. పిన్నమ్మ ఏదో చీర ఎత్తి చూపించి, "ఇది లోపలెయ్యనా?" అంది. అటు చూడకుండానే తల ఊపాను. ఫోనులో పోట్లాట అంత ముఖ్యమైపోయింది నాకు.

బొంత వెళ్లిపోయిన వారానికి చీర గుర్తొచ్చింది. ఇల్లంతా తిరగేశాను. సంగతి అర్థమయ్యాక వెళ్లి పిన్నమ్మ మీద అరిచాను.

"ఏందే ఆ అరుపులు? నిన్నడిగే గదా ఏసింది! మీ అమ్మ చీరని నాకు తెలవదా? నువ్వు తలూపితే, పోన్లే, ఎవురికో ఒకరికి పనికొస్తదని మనసు చిక్కబట్టుకున్నావనుకున్నా. అందుకే కుట్లు చానా దగ్గర దగ్గరగా ఏశా" అంది. ఆమె కళ్లలోనూ నీళ్లు.

అమ్మ ఫోటోలు కావలసినన్ని ఉన్నాయి. అవి చూస్తే అమ్మ కనిపిస్తుంది, అంతే. నాకు అమ్మ పక్కన కూర్చోవాలని ఉండేది. నాలుగు రోజులు అన్నం సయించలేదు. ఆ బొంత వెనక్కి పంపమని, బదులుగా రెండు కుట్టిస్తానని అడుగుదామనుకున్నాను. మాటలన్నీ కూడబలుక్కుని ఫోను చేశాను.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అందుకుంది. "మీకే చేద్దామనుకుంటున్నానండీ. మా నాన్నగారు డయాలసిస్ నుంచి వచ్చాక చలికి వణికిపోతారు. రగ్గులు కప్పితే బరువని తోసేస్తారు. మీ బొంత కప్పాక వణుకు తగ్గి నిద్రపోతున్నారు. అందుకేనండీ ఆ రోజు అంత తొందరపెట్టింది, ఏమీ అనుకోకండి."

ఆవిడే మళ్లీ, "ఇంతకీ మీరెందుకు చేశారండీ?" అని అడిగింది.

"ఉతికేటప్పుడు గట్టిగా పిండకండి. లోపలి చీర బాగా పాతది" అన్నాను.