ఆవిరిలో ఆగిన చప్పుడు

దయ్యాల మాట ఎత్తితేనే నాకు ఒళ్లు మండుతుంది. జగిత్యాలలో పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. మా బడి వెనక గదిలో ఏదో మూలుగుతోందని ఒకసారి పిల్లలు బెదిరిపోతే, అందరినీ లోపలికి తీసుకెళ్లి, గాలికి ఊగుతున్న కిటికీ రెక్కను చూపించి, తిట్టి పంపించాను. అలాంటిదాన్ని ఇది రాస్తున్నానంటే ఎవరినో నమ్మించాలని కాదు. నాలో నేను ఎంత తన్నుకులాడినా తెగడం లేదు, అంతే.

ముందు మా పుట్టింటి సంగతి చెప్పాలి. మాది సిరిసిల్ల. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ఇంటి వెనక రేకుల కార్ఖానాలో మాకు ఎనిమిది సాంచాలు ఉండేవి. ఆ చప్పుడులోనే తిన్నాం, చదివాం, నిద్రపోయాం. లోకంలో అందరూ చప్పుడైతే ఉలిక్కిపడతారు. మేము చప్పుడు ఆగితే ఉలిక్కిపడతాం.

ఎందుకంటే పని మధ్యలో మా బాపు మెయిన్ స్విచ్ బందు పెట్టాడంటే ఎవరికో ముప్పు వచ్చిందని అర్థం. అప్పుడు ఎక్కడివాళ్లు అక్కడే నిలబడిపోవాలి. ఎత్తిన అడుగు కూడా కింద పెట్టకూడదు. బాపు ఒక్కొక్కరినీ కళ్లారా చూసుకుని మళ్లీ స్విచ్ వేసేదాకా అంతే. మా తమ్ముడు శ్రీను నాలుగేళ్లప్పుడు తిరుగుతున్న సాంచా కిందికి దూరాడు. ఆ రోజు బాపు మెయిన్ దగ్గర లేకపోతే వాడు మాకు దక్కేవాడు కాదు.

బాపు పోయి రెండేళ్లు దాటింది. ఇప్పుడు కార్ఖానా శ్రీనుదే. బాపు పోయినప్పటి నుంచి వాడు నవ్వడం మానేశాడు. పొద్దున సాంచాల దగ్గరికి పోతే మళ్లీ అన్నానికే బయటికి వస్తాడు. ఎప్పుడో దుబాయ్ పోదామని చేయించుకున్న పాస్‌పోర్టు పెట్టెలో అలాగే పడి ఉండేది. మా ఆయనది కోరుట్ల. తిరుగుడంటే ప్రాణం పెడతాడు. మొన్నటి సెలవుల్లో ఆయనే పట్టుబట్టి శ్రీనును కూడా మాతో జావా దీవికి బయల్దేరదీశాడు.

అక్కడ అగ్నిపర్వతాలున్న జాతీయ ఉద్యానవనం ఒకటి చూడటానికి వెళ్లాం. గంటన్నర కొండెక్కితే మేము చేరింది బూడిదరంగు నేల. అక్కడక్కడా బురద అంబలిలా కుతకుతలాడుతోంది. రాళ్ల సందుల్లోంచి ఆవిరి తన్నుకొస్తోంది. కుళ్లిన గుడ్ల వాసన. అది ఏ వాయువో, ఎక్కువ పీలిస్తే ఏమవుతుందో దారంతా పాఠం చెప్పి మా ఆయన బుర్ర తినేశాను. వెదురు బద్దలకు తాడు కట్టి ఉంది, దాన్ని దాటవద్దని మా గైడు రెండుసార్లు హెచ్చరించాడు. పైకి గట్టిగా కనిపించే నేల కొన్నిచోట్ల అప్పడమంత మందమే ఉంటుందట.

అన్నిటికన్నా పెద్ద ఆవిరి బిలం దగ్గరికి వచ్చేసరికి దాని హోరుకు చెవులు గింగురుమన్నాయి. మాతో వచ్చినవాళ్లు చెవులు మూసుకుని వెనక్కి జరిగారు. శ్రీను మాత్రం ముందుకు పోయాడు. నా వైపు తిరిగి, గట్టిగా అరిచి చెప్పాడు.

“అచ్చం మన కార్ఖానా లెక్కనే ఉందక్కా!”

రెండేళ్ల తర్వాత వాడి మొహంలో నవ్వు చూశాను. అది చూసి నాకు ఎంత సంతోషమైందంటే, వాడు ఎక్కడ అడుగేస్తున్నాడో చూడాలన్న ధ్యాసే లేకపోయింది. నిజం చెప్పాలంటే నాకూ అక్కడ భయమనిపించలేదు, వాడి వెనకే నడిచాను. చప్పుడు నడుస్తోందంటే అంతా క్షేమమేనని చిన్నప్పటి నుంచి ఒంటికి అలవాటైపోయింది. మా ఇంటివాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది. ఆ పక్కన తాడు తెగి బురదలో పడి ఉందని మేమిద్దరం గమనించలేదు.

గాలి తిరిగి ఆవిరి మా మీదికి వచ్చింది. పది అడుగుల ముందున్న శ్రీను నీలం చొక్కా మసకబారింది. వాడిని పిలుద్దామని నోరు తెరిచాను.

అప్పుడు చప్పుడు ఆగిపోయింది.

తగ్గలేదు, ఆగిపోయింది. మెయిన్ బందు పెడితే ఎలా ఆగుతుందో అలా. చెవుల్లో ఆ తర్వాత వచ్చే సన్నటి గీ అనే మోత కూడా వచ్చింది. ఆలోచించలేదు, ఉన్నచోటే నిలబడిపోయాను. నలభై ఆరేళ్లదాన్ని, బాపు వచ్చి చూసిపోయేదాకా కదలకూడదన్నట్టు నిలబడ్డాను.

ఎంతసేపో తెలియదు. ఆవిరి పక్కకు తొలగింది. శ్రీను కుడికాలు గాలిలో ఎత్తి కొయ్యబారి ఉన్నాడు. ఆ కాలు పడాల్సిన చోట నేల పెచ్చు ఊడి లోపలికి జారిపోయింది. కింద బురద మరుగుతోంది. గైడు పరుగున వచ్చి వాడిని చొక్కా పట్టి వెనక్కి గుంజేసరికి బిలం మళ్లీ హోరుమంటోంది.

కొండ దిగేటప్పుడు నేనేమీ అడగకముందే వాడే అన్నాడు.

“సప్పుడు బందయింది గదక్కా. నువ్వు గూడ ఆగినవ్.”

మా ఆయనకు చప్పుడు ఆగినట్టు తెలియనే తెలియదు. గైడును అడిగితే అది ఆగేది కాదని నవ్వాడు. మా ఆయన అప్పుడు ఫోన్‌లో వీడియో తీస్తూ ఉన్నాడు. బసకు వచ్చాక ఇరవైసార్లు చూశాను. అందులో మొదటి నుంచి చివరిదాకా హోరు ఒక్క క్షణం కూడా తగ్గలేదు. ఆ హోరులోనే, ఆవిరి పలచగా ఉన్న ఒకచోట, నేనూ శ్రీనూ ఒకేసారి ఆగిపోవడం కనిపిస్తుంది.

వాయువుకు తల తిరిగి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇద్దరికీ ఒకే క్షణంలో ఎలా తిరుగుతుంది? శ్రీనుకు కాళ్ల కింద నేల అదిరి ఉంటుందనుకుందామంటే, మరి నేనెందుకు ఆగాను?

సిరిసిల్లకు వచ్చాక అమ్మకు ఈ సంగతి చెప్పవద్దని ముగ్గురం ఒట్టేసుకున్నాం. కొండలు చూశాం, బాగున్నాయన్నాం. మా ఆయన ఊరుకోక, అక్కడ సాంచాల చప్పుడులాంటిది వినిపించిందని చెప్పి, ఆ వీడియోనే పెట్టి ఫోన్ అమ్మ చేతికిచ్చాడు. సాంచాల మోతకు అమ్మకు చెవులు సగం పోయాయి. అందుకని బొమ్మ చూడనే లేదు, ఫోన్‌ను చెవికి ఆనించుకుంది. ఎదురుగా కూర్చున్న నాకు కూడా ఆ హోరు వినిపిస్తూనే ఉంది. అమ్మ మొహంలో నవ్వు వచ్చింది, తల ఊపింది.

ఉన్నట్టుండి ఊపడం ఆపేసింది. హోరు నాకు వినిపిస్తూనే ఉంది. అమ్మ ఫోన్ చెవి నుంచి తీసి నా మొహంలోకీ, తర్వాత శ్రీను కాళ్ల వైపూ చూసింది.

“నడుమల మీ బాపు మెయిన్ ఎందుకు బంద్ వెట్టిండు? ఎవలకేమయింది బిడ్డా?”