ఆరువందల నలభై పొట్టిమాటలు

మా బావకు ఆఫీసులో ‘నిదానంగారు’ అని పేరు. ఎవరు ఏ గోల పెట్టుకుంటూ వచ్చినా ఆయన నోట ముందు వచ్చే మాట అదే. కంప్యూటరు బిగుసుకుపోయినా, ప్రింటరు కాగితాలు నమిలేసినా, మేనేజరుగారు మెట్ల మీది నుంచే కేకలేసినా "నిదానం, నిదానం" అంటూ కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఎదుటివాళ్ళకు చెప్పడమే గానీ ఆయనలో అది ఎంతుందో మా అక్కనడగండి. కాఫీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునే మనిషి.

నేను ఆయనకు ఒక్కగానొక్క మరదలిని. అదే ఆఫీసులో, ఆయన బల్లకు ఎదురుగా కూర్చుని ఫిర్యాదుల ఫోను ఎత్తుతాను. ఆయన గొప్పలూ తప్పులూ ముందు నా చెవినే పడతాయి. ఇప్పుడు చెప్పబోయే తప్పులో నాకూ వాటా ఉంది కాబట్టి దాచకుండా చెబుతాను.

మా ఆఫీసు అయిదంతస్తులు. ఎవరు ఏ అంతస్తులో, ఏ కంప్యూటరు ముందు కూర్చుని తమ పేరు, పాస్‌వర్డ్ కొట్టినా వాళ్ళ ఉత్తరాలు, అమరికలు, తెర మీద పెట్టుకున్న పిల్లల ఫొటోతో సహా అక్కడికే వచ్చేస్తాయి. ఈ ఏర్పాటంతా బావ చేతిలోది. ఉత్తరాల ఫోల్డరు ఎప్పుడూ కింది గదిలోని సర్వర్‌లోనే ఉంటుంది. మిగతా సరంజామాను ప్రొఫైల్ అంటారు. అది పొద్దున మనిషి కూర్చోగానే సర్వర్ నుంచి దిగుతుంది, సాయంత్రం లేవగానే తిరిగి ఎక్కుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కరి సరంజామా ఇల్లు మారేవాళ్ళ సామానులా పెరిగిపోయింది. కంప్యూటరు తెరుచుకోవడానికి ఎనిమిది నిమిషాలు పట్టేది. జనం పేరు కొట్టేసి టీకి పోయేవాళ్ళు, టీ తాగొచ్చి నాకు ఫోను చేసి తిట్టేవాళ్ళు.

ఏడాదిన్నర కిందట బావ పట్టుబట్టి కూర్చుని, ప్రొఫైల్‌లో అనవసరమైన ఫోల్డర్ల జాబితా ఒకటి రాశాడు. ఆ ఫోల్డర్లు ఇక సర్వర్‌కు వెళ్ళవు, అక్కణ్ణుంచి రావు. ఏ కంప్యూటరులో ఉన్నవి ఆ కంప్యూటరులోనే పడి ఉంటాయి. సర్వర్‌లోని పాత ప్రతులను కూడా తుడిచేశాడు. ఎనిమిది నిమిషాలు కాస్తా ఒక్క నిమిషమైంది. మేనేజరుగారు అందరి ముందూ చేయి కలిపి మెచ్చుకున్నారు. ఆ వారమంతా బావ కాలరు ఎగరేసుకుని తిరిగాడు. జాబితాలో ముప్ఫై ఫోల్డర్లున్నాయి. ఒక్కొక్కటీ తెరిచి చూశాడా అంటే, ఆయన నిదానం అంతదూరం వెళ్ళలేదు.

మూడో అంతస్తులో కిటికీ పక్కన, అందరూ టైపు అక్కయ్య అని పిలిచే టైపిస్టు కూర్చుంటుంది. పదకొండేళ్ళ కిందట బస్సు దిగుతూ పడితే కుడిచేయి విరిగింది. ఎముక అతికింది గానీ మూడు వేళ్ళు వంగవు. ఎడమచేత్తోను, కుడిచేతి చూపుడువేలితోను టైపు చేస్తుంది. అయినా ఆమెకంటే ముందు ఉత్తరం పూర్తి చేసేవాళ్ళు ఆఫీసులో ఇద్దరో ముగ్గురో. కిటుకంతా ఆమె పొట్టిమాటల్లో ఉంది. ‘తచ’ అని కొట్టి స్పేస్ నొక్కితే ‘పై విషయంలో తగు చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాము’ అని వాక్యమంతా వచ్చి పడుతుంది. ‘గడ’ అంటే ‘గడువులోగా సమాధానం అందని పక్షంలో’. టైపు ప్రోగ్రాంలో ఇలాంటివి ఒక్కొక్కటే చేర్చుకుంటూ ఆరువందల నలభై చేసింది. కాగితం మీద మాత్రం ఒక్కటీ రాసుకోలేదు. "ఈ చేత్తో రాయగలిగితే ఈ తంటాలన్నీ ఎందుకమ్మాయ్?" అని నవ్వేది.

ఆ పొట్టిమాటలుండే ఫోల్డరు బావ జాబితాలో పంతొమ్మిదోది. ఆమెది రోజూ అదే కిటికీ, అదే కంప్యూటరు. అందుకని అది సర్వర్‌కు పోవడం మానేసిన సంగతి ఎవరికీ తెలియలేదు.

ఒక సోమవారం పొద్దున ఆమె నుంచి ఫోను వచ్చింది. "అమ్మాయ్, తెర మీద ఏదో తాత్కాలిక ప్రొఫైల్ అంటోంది. అంతా బోసిగా ఉంది."

ఈ జబ్బుకు మందు ఒకటే. ఆ కంప్యూటరులో ఉన్న ప్రొఫైల్‌ను తీసేసి, మనిషిని మళ్ళీ పేరు కొట్టమంటే సర్వర్ నుంచి అంతా కొత్తగా దిగుతుంది. తీసేసేముందు ఒక కాపీ పక్కన పెట్టాలని మా గది గోడ మీద బావే పెద్దక్షరాలతో అంటించాడు. ఆ రోజు పది నిమిషాల్లో మేనేజరుగారి మీటింగు. బావ నిలబడే, నా బల్ల మీది కంప్యూటరు నుంచే పని కానిచ్చేస్తున్నాడు.

"బావా, కాపీ?" అన్నాను.

"ఉత్తరాలన్నీ సర్వర్‌లో ఉన్నాయిగా. నిదానం" అంటూ నొక్కేసి పరుగెత్తాడు. నేను ఇంకోసారి అడగలేదు. అడగాల్సింది.

పదిన్నరకు మళ్ళీ ఫోను. "అమ్మాయ్, తచ కొడితే తచ అనే వస్తోందేంటి?"

మామూలు రోజుల్లో అయితే ఒక పేచీ పెట్టి, నాలుగు మాటలని ఊరుకునేది. కానీ అంతకు వారం ముందే పై ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. వచ్చే నెల ఇరవయ్యో తేదీన టైపిస్టులందరికీ వేగ పరీక్ష. నిమిషానికి ముప్ఫై మాటలు దాటనివాళ్ళను రికార్డు గదికి పంపిస్తారు. అక్కడ పొద్దస్తమానం కాగితాల కట్టలు ఎత్తి అలమారల్లో సర్దాలి. ఆ చేత్తో ఆమె ఒక్క కట్ట కూడా ఎత్తలేదు. అంటే ఉద్యోగం పోయినట్టే.

బావ నాలుగు రోజులు ఆమె కంప్యూటరులోని డిస్కును తిరగేసి మరగేసి వెతికాడు. ఏమీ దొరకలేదు. అయిదో రోజున ఆమె దగ్గరికి వెళ్ళి నీళ్ళు నమిలాడు. "డిస్కు దెబ్బతింది అక్కయ్యగారూ. ఎవరి తప్పూ కాదు."

ఆమె కీబోర్డు వంక చూసింది. "నిన్న కొట్టి చూసుకున్నాను సార్. పదకొండు మాటలొచ్చాయి" అంది.

పక్కనే నిలబడిన నేను తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. నాకు నా మీద అసహ్యం వేసింది.

ఇంట్లో బావ సరిగా తినడం లేదు, ఫ్రిజ్ తలుపు తెరిచి ఎందుకు తెరిచాడో మరిచిపోయి నిలబడుతున్నాడు. అక్క నన్ను నిలదీసింది. జరిగింది చెప్పాను. ఆదివారం నా ఎదుటే ఆయన్ను పట్టుకుంది.

"పోగొట్టింది మీరు. ఇక్కడ ముఖం వేలాడేసుకుంటే ఆవిడకేం లాభం? వెళ్ళి చేయగలిగింది చేయండి. ముందు నిజం చెప్పండి."

"చెబుతానే. ముందు ఆవిడ పొట్టిమాటల జాబితా తిరిగి కట్టనీ" అన్నాడు బావ.

అక్క మాటలో సగమే విన్నాడన్నమాట. సగమైనా విన్నాడు, సోమవారం సాయంత్రం అయిదింటికి టైపు అక్కయ్య పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆమెను పొట్టిమాటలన్నీ చెప్పమంటే డెబ్భై దాకా చెప్పి ఆగిపోయింది. "అడిగితే రావు సార్. కొట్టేటప్పుడు వాటంతటవే వస్తాయి" అంది. దాంతో బావకు దారి దొరికింది. ఆమె పాత ఉత్తరాలు వేలకొద్దీ సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని తెరిచి ఆయన పైకి చదువుతాడు. ఆమె ఆలోచించకుండా, అలవాటు కొద్దీ టైపు చేస్తుంది. తెర మీద తచ, గడ, నమ, ఇం అంటూ ముక్కలు పడతాయి. ఏ ముక్క ఏ వాక్యానిదో నేను నోటుపుస్తకంలో రాస్తాను. మర్నాడు పొద్దున బావ వాటిని ప్రోగ్రాంలో ఎక్కిస్తాడు.

రోజూ గంటన్నర. ఊడ్చేవాళ్ళు వచ్చి మా కాళ్ళ చుట్టూ ఊడ్చుకుపోయేవాళ్ళు. రెండు వారాలు తిరిగేసరికి మూడువందల ఎనభై దొరికాయి. చదివి చదివి బావ గొంతు బొంగురుపోయింది. టైపు అక్కయ్య ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చి పెట్టేది. "మీ బావలాంటి మనిషి ఉండరమ్మాయ్. ఎవరి డిస్కో పాడైతే ఎవరింతసేపు కూర్చుంటారు?" అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా బావ తల ఇంకాస్త కిందికి పోయేది. రోజూ ఇంటికి వెళ్ళే దారిలో "రేపు చెప్పేస్తాను" అనేవాడు. ఆ రేపు రాలేదు.

పరీక్ష ఇంకా నాలుగు రోజులుందనగా, ఎప్పటిలాగే ఫోల్డరులోంచి ఒక ఉత్తరం తెరిచి చదవడం మొదలుపెట్టాడు.

"కంప్యూటరు విభాగం వారికి. అయ్యా, ఈ నెల మొదటి వారంలో మీరు చేసిన మార్పు తర్వాత..."

అక్కడ ఆగిపోయాడు. నేను తలెత్తి చూశాను. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. టైపు అక్కయ్య వేళ్ళు కీల మీద ఎదురుచూస్తున్నాయి.

"చెప్పండి సార్, ఆగిపోయారేం?"

బావ, ఉత్తరాన్ని అక్కడే మూసేసి ఇంకోటి తెరవగలిగి ఉండీ, మొత్తం చదివాడు.

"...నా పొట్టిమాటల జాబితా సర్వర్‌కు వెళ్తోందో లేదో నాకు తెలియడం లేదు. నా చేతి పరిస్థితి మీకు తెలుసు. దయచేసి ఒకసారి చూసి చెప్పగలరు." ఆమె దాని కిందే జవాబును కూడా అతికించి దాచుకుంది. దాన్నీ చదివాడు. "చూశాను. అంతా భద్రంగా ఉంది. నిదానంగా ఉండండి."

బావ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను చూడలేదు అక్కయ్యగారూ" అన్నాడు బావ. "మీరు అడిగారన్న సంగతి కూడా ఇప్పటిదాకా గుర్తులేదు. డిస్కుకేమీ కాలేదు. కాపీ పెట్టకుండా తీసేసింది నేనే."

"నేను చూస్తూ ఊరుకున్నానక్కయ్యా" అన్నాను.

ఆమె మా ఇద్దరినీ చూడలేదు. వంగని మూడు వేళ్ళను ఎడమచేత్తో పట్టుకుని నొక్కుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"తర్వాతది చదవండి" అంది. "ఇంకా నాలుగు రోజులే ఉంది."

బావ తర్వాతది చదివాడు. మర్నాటి నుంచి ఫ్లాస్కు రాలేదు.

పరీక్ష రోజున ఆమెకు ఇరవై ఎనిమిది మాటలొచ్చాయి. అప్పటికే బావ జరిగిందంతా రాసి సంతకం పెట్టి మేనేజరుగారి చేతికిచ్చాడు. ఆయన చదివి, "ఇది నీ సర్వీసు పుస్తకంలో ఎక్కుతుందయ్యా, తెలుసా?" అన్నారట. తెలుసన్నాడట. ఆ కాగితం వల్ల ఆమెకు మూడు నెలల గడువు దొరికింది. బావకు మెమో దొరికింది, ఏ మార్పు చేయాలన్నా ఇంకొకరి సంతకం కావాలని నియమం పడింది. మేము ముగ్గురం మళ్ళీ సాయంత్రాలు కూర్చున్నాం, చదవడానికి, కొట్టడానికి, రాయడానికి తప్ప నోరు తెరవకుండా. రెండో పరీక్షలో ముప్ఫై మూడొచ్చాయి. ఆమె కుర్చీ ఆ కిటికీ పక్కనే ఉండిపోయింది.

మా తప్పు మాసిపోయిందని నేను సంబరపడ్డాను. ఆ తర్వాతి నెల మొదటి తారీఖున, పదకొండింటికి, టైపు అక్కయ్య మా గదికి వచ్చింది. కుర్చీ చూపించాను. కూర్చోలేదు. "నా జాబితా చూడాలి" అంది.

అప్పటి నుంచి ప్రతి నెలా అదే తారీఖు, అదే గంట. బావ లేచి నిలబడి, సర్వర్‌లో ఆమె ఫోల్డరు తెరిచి, తెరను ఆమె వైపు తిప్పుతాడు. ఆమె వంగి తేదీ చదువుకుంటుంది, ఎన్ని మాటలున్నాయో లెక్క చూసుకుంటుంది, వెళ్ళిపోతుంది. ఆమె వెళ్ళేదాకా బావ ఒక్క మాటా మాట్లాడడు. ఉంది అని కూడా అనడు.