నాలుగు పక్కల రాయి

ఇప్పపూల వాసన తగిలితే నేటికీ నాకు ఆ రాయే గుర్తొస్తుంది. భోపాల్‌పట్నం దగ్గర మా బస్సు టైరు పంక్చరైతే అందరం దిగాం. పొలం గట్టున, పూలు రాలుస్తున్న ఇప్పచెట్టు కింద నిలువెత్తు రాతి స్తంభం, దాని నాలుగు పక్కలా రంగుల బొమ్మలు.

"మా ఇంటాయన గుర్తుకు నిలబెట్టినం," అంది నా పక్క సీటు అవ్వ. ఆమెది ఆ ఊరేనట. "నేను నాగలి గియ్యమన్న. ఆయన చెల్లె చేపల వల అన్నది. కొడుకు సైకిలన్నడు. తాగుబోతు దోస్తులేమో కల్లుకుండ గీయించిండ్రు!"

"మరి అసలు మనిషి ఏ పక్కనున్నాడవ్వా?"

"ఏందమ్మా, ఒక్క పక్కతోటి రాయి నిలబడ్తదా?"

మా నాన్న నన్ను భుజాల మీద సంతకు మోసుకెళ్లి జీళ్లు కొనిపెట్టేవాడు. అన్నయ్యకు మాత్రం ఆయన బెల్టే గుర్తు. పెద్దకర్మ నాడు అన్నయ్య ఆ మాటెత్తితే, "నాకు జీళ్లు కొనిపెట్టిన నాన్న మీద, అదీ పోయాక, అబద్ధాలా?" అని అందరి ముందూ నోరు మూయించాను. అప్పటికి ఏడాదిగా మాకు మాటల్లేవు.

బస్సు కదలకముందే ఫోన్ చేశాను. "నాన్న నిన్ను కొట్టిన సంగతి చెప్పన్నయ్యా. ఈసారి అడ్డురాను."



"ముందు నువ్వు ఆ జీళ్ల సంగతి చెప్పు," అన్నాడు. "నాకెప్పుడూ కొనలేదు."