సంతకం లేని కృతజ్ఞత

విజయనగరంలో మా పత్రిక డెస్కు వాళ్లందరి లెక్కలో నాకు అప్పుడు పచ్చకామెర్లు. మా ఆవిడ అలా చెప్పింది. నిజానికి నేను శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి మానసిక వైద్యం వార్డులో ఉన్నాను, మూడు వారాలు. కామెర్లు పరువు గల రోగం. కొత్తవలస దగ్గర ఎవరో పసరు పోస్తారని వాట్సాప్ గ్రూపులో సలహాలు కూడా వచ్చాయి. నిద్ర పట్టక, అన్నం మానేసి, గోడకేసి చూస్తూ కూర్చునే రోగానికి ఆ మర్యాద ఎక్కడిది?

వార్డులో భావనపాడు నుంచి వచ్చిన ఆయా ఒకావిడ ఉండేది. ఇంట్లో వాళ్లది చేపల బేరం. మొదటి మూడు రోజులూ మాత్ర బుగ్గన దాచి, ఆవిడ అటు తిరగ్గానే కిటికీలోంచి ఊసేవాణ్ని. నాయకుల అబద్ధాలు పట్టిన చెయ్యి కదా, నా అబద్ధం ఎవరు పడతారులే అని ధీమా. నాలుగో రోజు ఆవిడ నా గడ్డం పట్టుకుంది.

"నోరు తెరు బాబూ. నాలిక ఎత్తు."

"మింగేశాను."

"మొప్ప ఎత్తి సూడకుండా సేప కొంటారేటి ఎవులైనా? నాకు సెప్తన్నావా!"

దొరికాను. మింగాను. ఆపైన రోజూ అదే తనిఖీ. అయ్యాక నా కంచం ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చుని, కోడలి మీద ఫిర్యాదులు వినిపించేది. మందు పనిచేసిందో, ఆ కోడలు తర్వాత ఏం చేసిందో తెలుసుకోవాలన్న ఆత్రం పనిచేసిందో గాని, రెండో వారం చివర్లో నాకు ఆకలేసింది. నర్సమ్మ అది కూడా కేస్ షీటులో రాసుకుంది. మా విలేకరులు మంత్రి పర్యటనను కూడా అంత శ్రద్ధగా రాయరు.

ఇంటికొచ్చాక పాఠకుల ఉత్తరాల శీర్షికకు నాలుగు వాక్యాలు రాశాను. వార్డు సిబ్బందికి, ముఖ్యంగా మాత్ర మింగించిన ఆయాకు కృతజ్ఞతలు. కింద 'ఒక రోగి'. పేరు లేని ఉత్తరాలను ఇరవయ్యేళ్లు చెత్తబుట్టలో వేసినవాణ్ని నేనే. నాది మాత్రం వేయించుకున్నాను. సొంత డెస్కు ఉన్నది మరెందుకు?

పేపరు వార్డుకు పట్టుకెళ్లి ఆయాకు చదివి వినిపించాను. కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను.

"బాగున్నాది. ఎవులు రాసినారు?"

"నేనే."

"మరి నీ పేరు నేదేటి?"

"నలుగురికీ తెలిస్తే..."

"తెలిస్తే ఏటవుతాది? మా వీధిలో నన్ను పిచ్చోళ్ల ఆయా అంటారు. ఆ పేరు నేను మొయ్యాల, నువ్వు మాత్రం 'ఒక రోగి'వా?"

మర్నాడు నా పేరూ ఊరూ పెట్టి ఉత్తరం మళ్లీ వేయించాను, 'పొరపాటున పేరు రాలేదు' అన్న సవరణతో. పొరపాటట! అబద్ధాలకు ఆ వార్డులో మందివ్వలేదు మరి.

మా ఆవిడ ఆ రోజు పేపరు చుట్టాల కంట పడకుండా బీరువాలో దాచేసింది. ఇరవయ్యేళ్లుగా నాతో వాదించిన డెస్కు వాళ్లు, నేనేమన్నా మెత్తగా తలూపడం మొదలుపెట్టారు. ఆయా ఒక్కతే ఫోన్ చేసి తప్పు పట్టింది.

"ఫొటో కూడా ఎయ్యాల్సింది బాబూ."