నేను లేననుకున్న రోజు

నిన్న మధ్యాహ్నం కరెంటు పోగానే పక్కింటి యూపీఎస్ ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. ఆ కూత వింటే ఇప్పటికీ నా ఒళ్లు దానంతటదే కుర్చీలోంచి లేవబోతుంది. బళ్లారి కౌల్ బజార్‌లో ఒక ఖనిజ రవాణా కంపెనీ కంప్యూటరు గదిని చూసుకున్న రోజుల అలవాటు అది. ఆ వెంటనే గుర్తొచ్చేది సుగుణ మేడం. ఏడాదికొకసారి మా కంప్యూటర్ల ఆడిట్‌కు వచ్చేవారు. ఆ ఊరి పాత మిషన్ చర్చి కుటుంబాల మనిషి, నాకంటే కొంచెం పెద్దవారు.

లారీల తూకాల వివరాలన్నీ మా గదిలోనే ఉండేవి. ప్రతి సాయంత్రం వాటి నకలు ఒక హార్డ్ డిస్కులోకి తీసి, బస్సులో సండూరులోని మా ఇంకో ఆఫీసుకు పంపేవాణ్ణి. ఇక్కడ నిప్పంటుకున్నా అక్కడ పని ఆగకూడదని ఆ ఏర్పాటు. ఒక ఏడు మేడం అన్నీ చూసి బాగున్నాయన్నారు. మాటల మధ్య నేను, మా ఆవిడ కంటి ఆపరేషన్‌కు అనంతపురం పోవాల్సి ఉందని, నేను లేకపోతే ఇక్కడ ఏదీ నడవదు గనుక వాయిదా వేస్తూ వస్తున్నానని చెప్పాను. కొంత గొప్పగానే చెప్పి ఉంటాను. ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుని, అయితే రేపు ఒక పరీక్ష పెడదామన్నారు. మా ఆఫీసు తగలబడింది, అందులో నేనూ పోయాను అనుకోవాలి. నేను రాసిపెట్టిన పద్ధతి చూసుకుని, సండూరు ఆఫీసులో కంప్యూటర్లు చూసే బసవరాజు ఒక్కడే అంతా తిరిగి నిలబెట్టాలి.

మరునాడు నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే తానూ కూర్చున్నారు. కాసేపటికి నా ఫోను మోగింది. బసవరాజే. ఎత్తబోతే చేయి అడ్డం పెట్టారు.

"చచ్చిపోయినోడు ఫోన్ ఎత్తడప్పా."

"పాస్‌వర్డ్ కోసం చేస్తాండాడేమో మేడం. వానికి తెలీదు."

"రాసి, సీలేసి సండూరు మేనేజరు బీరువాలో పెట్టినావు కదా. అది ఆడుండాదని నీ కాగితమే వానికి చెప్పల్ల, నువ్వు కాదు."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. పరీక్ష ఓడితే నాకు చెడ్డపేరు, మా ఆవిడ ఆపరేషన్ మళ్లీ వెనక్కి. గెలిస్తే నేను లేకపోయినా ఏమీ ఆగదని అందరికీ తెలిసిపోతుంది. ఆ బెంచీ మీద నేను ఏది కోరుకున్నానో నాకే తెలియదు. ఫోను మళ్లీ మోగలేదు. భోజనాల వేళకు మా మేనేజరు వచ్చి, నిన్నటి తూకాలన్నీ సండూరులో కనిపిస్తున్నాయని చెప్పారు. అందరూ వచ్చి నా చేయి పట్టుకుని ఊపారు. మేడం బ్యాగు సర్దుకుంటూ అన్నారు:

"ఇంక నువ్వు లేకున్నా నడుస్తాదప్పా. ఆయమ్మను అనంతపురం పిల్చుకొని పో."

అది మెప్పో, నా పని అయిపోయిందని చెప్పడమో తేల్చుకోలేకపోయాను. వచ్చే ఏడు అడుగుదామనుకున్నాను. మరుసటి ఏడు వేరే ఆడిటరు వచ్చాడు. ఆవిడ కాలం చేశారని చాలా రోజుల తర్వాత తెలిసింది.

అనంతపురంలో మా ఆవిడ కంటికి కట్టుతో పడుకుని ఉంటే, నేను ఫోను వంకే చూస్తూ కూర్చున్నాను. ఆఫీసు నుంచి ఎవరూ చేయడం లేదా అని ఆమె అడిగింది. లేదన్నాను. "మంచిదాయెలే" అని, నా చేయి తడుముకుని పట్టుకుంది. నాకు సంతోషం కలిగింది, మనసు ఎక్కడో చివుక్కుమంది కూడా.

ఇప్పటికీ ఎవరికైనా ఒక పని నేర్పితే, ఆఖరున వాళ్లను దాని ముందు వదిలి బయటికి వచ్చేస్తాను. లోపలి నుంచి పిలుపు రాకపోతే, ఆ పూట డైరీలో పని కుదిరిందని రాస్తాను. ఆ తర్వాతి వాక్యం ఏం రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చుంటాను.